రోగి పక్కన తోడు కూర్చున్నవారికి

చదువవలసిన భాగములు: యోబు 2:11-13, 1 రాజులు 19:1-8, మార్కు 6:30-32



ఈ పాఠము రోగి గురించి కాదు, మీ గురించి. మంచం మీద ఉన్నవారికి మేము బి.పి. చూస్తాము, జ్వరం చూసి చార్టులో రాస్తాము, ఎన్ని ముద్దలు తిన్నారో అడుగుతాము. పక్కన స్టూలు మీద కూర్చున్న మిమ్మల్ని మాత్రం ఎవరూ అడగరు. దోర్నాల, పుల్లలచెరువు, త్రిపురాంతకం వైపు పల్లెల నుండి ఉన్నపళంగా ఆటో ఎక్కి వచ్చినవారు తమ షుగరు మాత్రలు ఇంట్లోనే మరచిపోతారు. రోగికి ఇడ్లీ తెచ్చిపెట్టి, తాము టీ నీళ్లతో సరిపెట్టుకుంటారు. మూడో రోజుకు తోడు వచ్చిన మనిషే కళ్లు తిరిగి పడిపోవడం వార్డులో పనిచేసేవారికి కొత్త సంగతి కాదు. అప్పుడు ఆ ఇంటికి ఇద్దరు రోగులు.

ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, ఇక చనిపోతే చాలునని బదరీచెట్టు కింద పడి నిద్రపోయాడు. దేవదూత వచ్చి ఏమి చేశాడో గమనించండి. బోధించలేదు, గద్దించలేదు. లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు అక్కడ ఉన్నాయి. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. అలసిన మనిషికి దేవుడు మొదట ఇచ్చింది తిండి, నిద్ర. మార్కు సువార్తలో యేసుప్రభువు కూడా, భోజనానికైనా తీరిక లేని శిష్యులను ఏకాంత స్థలానికి రమ్మని, కొంచెంసేపు విశ్రమించమన్నాడు. చేయవలసిన పని ఇంకా మిగిలే ఉంది, జనము వస్తూనే ఉన్నారు. అయినా రమ్మన్నాడు.

కాబట్టి రోగిని వదిలి నిద్రపోతే పాపమన్నట్టు ఆలోచించవద్దు. పెద్దవారికి రోజుకు ఏడు గంటలైనా నిద్ర కావాలి. పగలు ఒకరు, రాత్రి ఒకరు వంతులు వేసుకోండి. మన ఇళ్లల్లో ఈ భారమంతా కోడలి మీదో, పెద్ద కూతురి మీదో పడుతుంది. మగవారు సాయంత్రం వచ్చి డాక్టరుగారితో మాట్లాడి బస్సు టైముకు వెళ్లిపోతారు. అన్నదమ్ములు కూడా ఒక రాత్రి చాప వేసుకుని పడుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. మీకు బి.పి., షుగరు ఉంటే ఆ సంగతి డ్యూటీ నర్సుకు ముందే చెప్పండి. మీ మాత్రలు మానవద్దు. రాత్రంతా కాళ్లు వేలాడేసి కూర్చుంటే వాపు వస్తుంది, గంటకొకసారి లేచి వరండాలో నాలుగడుగులు నడవండి.

ఇక తోడు విషయము. యోబు స్నేహితులు ముగ్గురు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చున్నారు. అతని బాధ ఎంత గొప్పదో చూసి ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిచిన తర్వాతే వారి వలన యోబుకు బాధ ఎక్కువైంది. మన వార్డులో ఈ రెండో భాగమే ఎక్కువగా కనిపిస్తుంది. చూడవచ్చిన బంధువు మంచం పక్కనే నిలబడి, ఇదే జబ్బుతో ఎవరు పోయారో, ఎంత ఖర్చయిందో, ఏ పొలం అమ్మారో వివరంగా చెబుతారు. రోగి కళ్లు మూసుకున్నా చెవులు మూసుకోలేదు గదా! ఒకరిద్దరు వచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని, చేయి పట్టుకుని పది నిమిషాలు ఊరకే కూర్చోండి. అంతే చాలు.

ఉత్తచేతులతో ఎలా వస్తామని కొబ్బరిబొండాలు, అరటిపండ్లు తెస్తారు. ప్రేమతోనే తెస్తారు. కానీ మన పశ్చిమ ప్రాంతంలో కిడ్నీ జబ్బువారు చాలామంది. కొబ్బరినీళ్లలో, అరటిపండులో పొటాషియం అనే లవణం ఎక్కువ. చెడిపోయిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె కొట్టుకోవడం గతి తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. ఏమి తేవాలో నర్సును అడిగి తీసుకురండి. ఆపరేషనుకు, కాన్పుకు రక్తం కావాలంటే మాత్రం వెనక్కి తగ్గవద్దు. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు 350 మిల్లీలీటర్లు ఇవ్వవచ్చు. రక్తం ఇస్తే మగతనం పోతుందన్నది వట్టి మాట. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వవచ్చు.

ఇవ్వడం, తోడుండడం, విశ్రాంతి ఒకేచోట కలిసిన సంగతి మన ఒంగోలు సీమలోనే జరిగింది. 1876-78 నాటి గొప్ప కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇచ్చారు. సువార్తికులనే మేస్త్రీలుగా పెట్టారు. మధ్యాహ్నం పని ఆపి సేదదీరే వేళ వాళ్లు కూలీల మధ్యనే కూర్చుని కష్టసుఖాలు మాట్లాడేవారు. బాప్తిస్మము ఇమ్మని ఎందరో అడిగినా, తిండి కోసం అడుగుతున్నారేమోనని, కరువు సాయం ముగిసేదాకా ఆయన ఇవ్వలేదు. చేసిన మేలుకు బదులు అడగకపోవడం నాకు ఆ చరిత్రలో అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఆసుపత్రికి వెయ్యి రూపాయలు సాయం చేసి ఏడాదిపాటు ఊరంతా చెప్పుకునేవారిని చూశాము గనుక ఈ మాట అంటున్నాను.

మొదటి వారం అందరూ వస్తారు. కిడ్నీ జబ్బు వారంలో పోయేది కాదు. డయాలసిస్ మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు. రానుపోను ప్రయాణంతో రోజంతా పోతుంది. మూడో నెలకు ఆ భార్య ఒక్కతే ఫైలు సంచి పట్టుకుని బస్టాండులో కనిపిస్తుంది. ఇంటి దగ్గర గేదె పాలు పిండాలి, పిల్లలు బడికి వెళ్లాలి, మిరప కోతకు మనుషులను పిలవాలి. మీ వీధిలో అటువంటి ఇల్లు ఉంటే, వారానికి ఒక్కరోజు ఆయన వెంట మీరు వెళ్లండి. ఏ బస్సు, ఏ కాగితాలు, ఎన్ని నీళ్లు తాగనివ్వాలి అన్నది ముందురోజే ఆమెను అడిగి తెలుసుకోండి. ఆ రోజు ఆమెను ఇంట్లో పడుకోనివ్వండి.