బొమ్మరిల్లు

ఇసుకలో పాదం దూర్చి పిచ్చుకగూడు కట్టుకోని బాల్యం అరుదు. పెన్నానది ఒడ్డున పెరిగిన పిల్లలకు ఈ ఆట మరీ పరిచితం. ఆ గూడు సాయంత్రానికే కూలిపోతుంది. కూలిపోని చిన్న ఇంటిని కట్టుకోవాలనే కోరిక నుండి బొమ్మరిల్లు పుట్టింది.

మన ఇళ్ళలో ఈ కళకు ఆధారం బొమ్మల కొలువు. మెట్లపై కొండపల్లి తెల్లపొణికి బొమ్మలు, ఏటికొప్పాక అంకుడు కర్ర లక్కబొమ్మలు కొలువుదీరుతాయి. వాటి ప్రక్కన ఇంటివారు ఒక చిన్న పల్లెను కూడా అమరుస్తారు. ఆవాలు మొలకెత్తించిన మట్టి పంటచేను అవుతుంది. అద్దం ముక్క చెరువవుతుంది. కొనకుండా, ఉన్నదానితోనే లోకాన్ని సృష్టించడం ఇందులోని నేర్పు.

పాశ్చాత్యులు ఈ కళకు కచ్చితమైన కొలతను జోడించారు. న్యూఢిల్లీ రూపశిల్పులలో ఒకరైన ఎడ్విన్ లుటియన్స్ 1921-24 సంవత్సరాల మధ్య ఇంగ్లండు రాణి మేరీ కోసం ఒక బొమ్మరింటిని రూపొందించాడు. అందులో విద్యుద్దీపాలను, నీటి కుళాయిలను కూడా అమర్చారు. అది నేటికీ విండ్సర్ కోటలో ఉన్నది. అసలు ఇంటిలోని ఒక అడుగుకు బొమ్మరింటిలో ఒక అంగుళం - ఇదే దాని కొలత.

ఈ సూత్రం మనకూ చాలు. పదడుగుల గోడ పది అంగుళాలు, ఆరడుగుల తలుపు ఆరు అంగుళాలు అవుతాయి. అడుగున్నర ఎత్తు మంచం ఒకటిన్నర అంగుళం ఉండాలి. ఒక్క పీట కొలత తప్పినా ఇల్లంతా అసహజంగా కనిపిస్తుంది.

సామగ్రికి అంగడికి వెళ్ళనక్కరలేదు. అట్టపెట్టెను గోడలుగా కోసి, మైదా జిగురుతో పాత కాగితాలు అంటించి, ఆరిన తరువాత సున్నం పూయాలి. అట్ట పైపొరను తడిపి ఒలిస్తే లోపలి గాడులు బయటపడతాయి. వాటికి జాజు పూస్తే పెంకుల కప్పు సిద్ధమవుతుంది. వెదురు పుల్లలు మంచపుకోళ్ళు; గోనెసంచి దారం నులక. నాలుగు అగ్గిపెట్టెలను ఒకదానిపై ఒకటి అతికిస్తే సొరుగుల బల్ల అవుతుంది. సోడాసీసా మూత వంటింటి తాంబాళం. చిరిగిన చీర అంచు గుమ్మానికి తెర.

నెల్లూరు జిల్లా పశ్చిమభాగంలో ఈ పనికి తగిన హస్తకళ ఒకటున్నది. ఉదయగిరి పనివారు దుర్గం కొండల నర్ది, బిక్కి కర్రలతో గరిటెలు, చెంచాలు చెక్కుతారు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. అటువంటి పనిలో మిగిలే తునకలు బొమ్మరింటి గడపలకు, స్తంభాలకు చక్కగా సరిపోతాయి.

ఉదయగిరికి, ఆత్మకూరుకు చేరువలోని సోమశిల ఈ కళకు మరొక ప్రయోజనాన్ని సూచిస్తుంది. పెన్నానదిపై అక్కడ నిర్మించిన జలాశయం సామర్థ్యం సుమారు 78 టి.ఎం.సి.లు. నెల్లూరు మాగాణికి ఆ నీరు ప్రాణాధారం. ఆ నీటి కోసం ఎగువన కడప సీమలోని అనేక గ్రామాల ప్రజలు పుట్టిన ఇళ్ళను విడిచిపెట్టారు. ఆ ఇళ్ళు ఇప్పుడు వారి మాటల్లోనే మిగిలి ఉన్నాయి.

అటువంటి ఇంటిలో పెరిగిన పెద్దల వద్ద కూర్చొని ప్రశ్నించండి. వాకిలి ఏ దిక్కున ఉండేది? రోలు ఎక్కడ ఉండేది? అరుగు పొడవెంత? వారు "రెండు బారలు" అంటారు. బార అంటే సుమారు ఆరడుగులు. కనుక మీ అరుగు పన్నెండు అంగుళాలు. కట్టినదాన్ని వారికి చూపండి. దొడ్డివాకిలి అటు కాదు, ఇటు అని వారు దిద్దితే సంతోషంగా మార్చండి. అప్పుడు మీ చేతిలోనిది ఆటవస్తువు మాత్రమే కాదు. నీటి అడుగుకు చేరిన ఒక ఇంటి ఆనవాలు. దాన్ని కట్టినవారికి ఆ ఇల్లు తెలుస్తుంది. చెప్పినవారికి అది మరల కనిపిస్తుంది.

కఠిన పదాలు - అర్థాలు
జాజు = ఎర్రమట్టి రంగు
తాంబాళం = వెడల్పైన పళ్ళెం
తునక = చిన్న ముక్క
మాగాణి = నీటి పారుదల గల పొలం
ఆనవాలు = గుర్తు

ప్రశ్నలు
1. బొమ్మరింటి నిర్మాణంలో కొలత ప్రాధాన్యాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. పనికిరాని వస్తువులు బొమ్మరింటికి ఎలా ఉపయోగపడతాయి?
3. సోమశిల ముంపు గ్రామాలవారికి బొమ్మరిల్లు ఎందుకు విలువైనది? సొంతమాటల్లో వ్రాయండి.