తీరం వెంట నడిస్తే ఒక్క మోకాలికే నొప్పి ఎందుకు?

ప్రశ్న: కిందటి డిసెంబరులో స్నేహితురాలితో కలిసి విశాఖ నుంచి భీమిలి దాకా ఇసుకలో రెండు రోజులు నడిచాను. తను బాగానే ఉంది. నాకు మాత్రం కుడి మోకాలి బయటి వైపు వారం పాటు నొప్పి. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తప్పకుండా వెళ్లండి. కాకపోతే నడిచే తీరు మార్చుకోవాలి. భీమిలి వైపు వెళ్తుంటే సముద్రం మీ కుడి పక్కన ఉంటుంది. ఒడ్డు అటే వాలుతుంది కాబట్టి రోజంతా కుడి పాదం పల్లంలో పడుతుంది. తుంటి నుంచి మోకాలి బయటి అంచుకు దిగే గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. ఈ ఒరుగు నడకలో అది ఒత్తిడికి గురవుతుంది. మీ నొప్పి అదే కావచ్చు.

ఆటు సమయంలో నడవండి. అప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా, కాస్త చదునుగా ఉంటుంది. పోటుకూ ఆటుకూ మధ్య దాదాపు 6 గంటలు. ఆ వేళలు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. దారిలోని మంగమారిపేట మత్స్యకారులను అడిగినా చెబుతారు. పోటు వేళ రోడ్డెక్కండి, లేదా తొట్లకొండ బౌద్ధారామం చూసి రండి. చెప్పులు వద్దు, బూట్లే వేసుకోండి. ఇప్పటి నుంచే రోజు విడిచి రోజు నడవండి. పక్కకు పడుకుని పైకాలు ఎత్తి దించే వ్యాయామం తుంటికి బలమిస్తుంది. స్నేహితురాలి వేగాన్ని అందుకోవాలని చూడకండి. మీ వేగానికే ఆమె నడవాలి.

దారిలో నొప్పి మొదలైతే మాత్ర మింగి ముందుకు సాగకండి, బస్సెక్కేయండి. మోకాలు వాచినా, పట్టేసినా, రెండు వారాలైనా తగ్గకపోయినా ఎముకల వైద్యుడికి చూపించాలి. పిక్క వాచి వేడిగా ఉన్నా, ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.