పుట్టబోయే బిడ్డ తలలో నీరుంటే



హాలియా దగ్గర ఒక పల్లె అనుకుందాం. నాట్ల కాలం. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వచ్చాయి. ఆడవాళ్లంతా పొలాలకు పోయారు. ఒక ఇంటి కోడలు మాత్రం అరుగు మీద కూర్చుని ఏడుస్తున్నది. ఆమెకు అయిదో నెల. నిన్ననే నల్లగొండ పోయి స్కానింగ్ చేయించుకుని వచ్చింది.

అత్త దగ్గరకు వచ్చింది.

"ఏమైందే బిడ్డా? ఎందుకు ఏడుస్తున్నవ్?"

"కడుపుల బిడ్డకు తలల నీరున్నదట అత్తా."

అత్తకు కోపం, భయం రెండూ వచ్చాయి. "గ్రహణం నాడు బయట తిరగొద్దంటే విన్నవా?" అన్నది.

అప్పుడే ఆశా కార్యకర్త వచ్చింది. "గ్రహణంతోని ఇది రాదు పెద్దమ్మా. కోడలిని అనకు. చెల్లె, ఆ చీటీ తే. దాంట్ల అంకె ఎంతున్నదో నువ్వే చదువు" అన్నది.

కోడలు కళ్లు తుడుచుకుంది. చీటీ అంతా ఇంగ్లీషులో ఉంది. కాని అంకెలు రాత్రి బడిలో నేర్చుకున్నవే. వేలు పెట్టి చదివింది. "11."

ఆ 11 అంటే ఏమిటి?

మన అందరి మెదడు లోపల నాలుగు చిన్న గదులు ఉంటాయి. వాటిలో నీరు ఉంటుంది. అది మెదడును కాపాడే నీరు. రోజూ ఊరుతుంది. రోజూ ఇంకిపోతుంది. తూముకు చెత్త అడ్డం పడితే కాలువ నీళ్లు వెనక్కి నిలుస్తాయి కదా! అట్లాగే మెదడులో దారి మూసుకుపోతే నీరు నిలుస్తుంది. గది పెద్దదవుతుంది. కొన్నిసార్లు మెదడు సరిగా తయారు కాకపోయినా గది పెద్దదిగా కనిపిస్తుంది.

స్కానింగ్‌లో ఆ గది వెడల్పు కొలుస్తారు. మిల్లీమీటర్లలో రాస్తారు.

10 కంటే తక్కువ ఉంటే మామూలు.
10 నుంచి 12 వరకు ఉంటే కొద్దిగా పెరిగినట్లు.
13 నుంచి 15 వరకు ఉంటే మధ్యరకం.
15 దాటితే ఎక్కువ.

గది కొద్దిగా పెరిగి, బిడ్డకు వేరే లోపం ఏదీ లేకపోతే భయం తక్కువ. అటువంటి పిల్లల్లో నూటికి 90 మందికి పైగా అందరిలాగే ఎదుగుతారు. 15 దాటితే కష్టం ఎక్కువ. కొందరికి నడక, మాట, చదువు ఆలస్యం అవుతాయి. అయితే ఏ బిడ్డ ఎంత ఎదుగుతుందో చీటీ ఒక్కటే చెప్పలేదు. ఎదిగే బిడ్డను చూసి తెలుసుకోవాలి.

ఇప్పుడు ఏం చేయాలి?

బిడ్డ అవయవాలు చూసే స్కానింగును టిఫా అంటారు. 18 నుంచి 22 వారాల లోపు, అంటే అయిదో నెలలో చేయించాలి. 2022 నవంబరులో మన రాష్ట్రంలో 44 ప్రభుత్వ ఆసుపత్రులకు 56 టిఫా యంత్రాలు ఇచ్చారు.

తేడా కనిపిస్తే మళ్లీ స్కానింగ్ చేస్తారు. అంకె పెరిగిందా, తగ్గిందా చూస్తారు. రక్త పరీక్షలు కూడా చేస్తారు. కడుపులో ఉన్నప్పుడు కొన్ని జబ్బులు సోకినా, పుట్టుకతో వచ్చే లోపాలు ఉన్నా ఇట్లా అవుతుంది. కొన్నిసార్లు కారణం దొరకదు. తప్పు తల్లిది కాదు.

లోపం చాలా ఎక్కువగా ఉంటే గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. 2021లో చట్టం మార్చారు. 24 వారాలు దాటినా, బిడ్డకు తీవ్రమైన లోపం ఉంటే, వైద్యుల మండలి చూసి అనుమతి ఇవ్వవచ్చు. తల్లి ఒప్పుకోనిదే ఎవరూ గర్భం తీయరాదు. నాటు మందులు మింగరాదు.

పుట్టిన తరువాత

కాన్పు పెద్ద ఆసుపత్రిలో కావాలి. బిడ్డ తల చుట్టుకొలత కొలిపించి, కార్డులో రాయించాలి. నెల నెలా మళ్లీ కొలిపించాలి.

తల తొందరగా పెరిగినా, మాడు ఉబ్బినా, బిడ్డ ఊరికే వాంతి చేసుకున్నా, మత్తుగా పడుకున్నా, కళ్లు కిందికే వాలినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. అవసరమైతే సన్నని గొట్టం వేస్తారు. దాన్ని షంట్ అంటారు. అది తలలో ఎక్కువైన నీటిని పొట్టలోకి పంపుతుంది. హైదరాబాదులో గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్లు ఉన్నారు. గొట్టం వేశాక కూడా పూడుకుపోవచ్చు. అందుకని వాంతులు, మత్తు, జ్వరం వస్తే ఆలస్యం చేయరాదు.

ఎదుగుదల చూద్దాం

2 నెలలకు మనల్ని చూసి నవ్వాలి.
4 నెలలకు మెడ నిలపాలి.
9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి.
ఏడాదికి పట్టుకుని నిలబడాలి. అత్త, తాత వంటి మాటలు రావాలి.
ఏడాదిన్నరకు నడవాలి.

పది రోజులు అటూ ఇటూ అయితే భయం లేదు. బాగా ఆలస్యం అయితే మాత్రం "పెద్దగయితే అదే వస్తది" అని ఊరుకోవద్దు. మొదటి మూడేళ్లలో మెదడు తొందరగా ఎదుగుతుంది. అప్పుడే కాళ్లు చేతులు ఆడించడం, మాటలు నేర్పడం మొదలు పెట్టాలి. డాక్టరు చూపించిన వ్యాయామాలు ఇంట్లో రోజూ చేయించాలి. బిడ్డతో మాట్లాడాలి. పాట పాడాలి. నలుగురిలోకి తీసుకుపోవాలి. మూల గదిలో దాచరాదు.

మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఇటువంటి పిల్లలకు అక్కడ చదువు, వ్యాయామం నేర్పుతారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఇటువంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 2016 చట్టం ప్రకారం లోపం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. సదరం క్యాంపులో సర్టిఫికెట్ తీసుకోవాలి. పింఛనుకు అది కావాలి. 2023లో ఈ పింఛను నెలకు 4,016 రూపాయలు చేశారు.

ముందు జాగ్రత్త

బిడ్డ మెదడు, వెన్ను మొదటి నెలలోనే తయారవుతాయి. అప్పటికి కడుపు వచ్చిందని మనకే తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే ఫోలిక్ ఆమ్లం మాత్ర రోజూ వేసుకోవాలి. ఇది వెన్ను చీలిక వంటి లోపాలను చాలావరకు ఆపుతుంది. వెన్ను చీలిక ఉన్న పిల్లలకు తలలో నీరు చేరడం ఎక్కువ. అన్ని లోపాలనూ ఈ మాత్ర ఆపలేదు.

ఆశా కార్యకర్త ఈ మాటలన్నీ చెప్పింది. అత్త కాసేపు మాట్లాడలేదు. తరువాత కోడలి పక్కన కూర్చుంది.

"మళ్లెప్పుడు పోవాలె బిడ్డా?"

"రెండు వారాలకు అత్తా."

"నేనూ వస్త. నాట్లు ఆగుతయా, పోతయా చూద్దాం. ఆ అంకె నువ్వే చదివి నాకు చెప్పు."

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. అత్త కోడలిని ఎందుకు తిట్టింది? అది సరైనదేనా?
2. మీ వాడలో ఆలస్యంగా ఎదిగే పిల్లలు ఉన్నారా? వారిని భవిత కేంద్రానికి తీసుకుపోతున్నారా?
3. మీ ఇంట్లో ఉన్న తల్లీబిడ్డల కార్డు తీయండి. అందులోని అంకెలు చదవండి.

రాయండి

మెదడు, మాడు, మెడ, నడక, మాట, మాత్ర.