చివర చేరిన పడవ గెలిచిన లెక్క

 

మార్కుల జాబితా రాగానే ప్రతి ఇంట్లోను ఒక పోలిక మొదలవుతుంది. "ఎదురింటి అబ్బాయికి తొంభై రెండు, నీకు డెబ్బై ఎనిమిదా?" అని. ఈ పోలిక ఎంతవరకు న్యాయమో ఆలోచించడానికి ఒక పడవ పందెం లెక్క చెబుతాను. కూడిక, భాగహారం వచ్చినవారందరికీ అర్థమవుతుంది.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఇంగ్లండులో ఉన్నప్పుడు, ఒక జనవరి ఆదివారం వాళ్ల ఊరి దగ్గరున్న చిన్న పడవల క్లబ్బుకు తీసుకెళ్లాడు. కంకర తవ్వేసిన పాత గోతిలో నీరు నిండి చెరువైంది. అందులో ఒకరో ఇద్దరో నడిపే చిన్న తెరచాప పడవలు ఉన్నాయి. వీటిని డింగీలంటారు. చలికి నా వేళ్లు కొంకర్లు పోతుంటే, వాళ్లు నీరు లోపలికి రాని దుస్తులు తొడుక్కుని పందానికి దిగారు. అక్కడి చాలా క్లబ్బులు చలికాలమంతా ఆదివారాలు ఇలా వరుస పందాలు నడుపుతాయి. పడవ బోల్తాపడితే ఆదుకోవడానికి ఒక మోటారు బోటు సిద్ధంగా ఉంటుంది. ఆ బోటు నడపడం, ఒడ్డున కాలం నమోదు చేయడం సభ్యులే వంతులవారీగా చేస్తారు.

బయలుదేరడానికి అయిదు నిమిషాల ముందు హారన్ మోగింది. తరువాత నాలుగు నిమిషాలకు, ఒక నిమిషానికి మళ్లీ మోగింది. ఆ తరువాత పందెం మొదలు. అన్నీ ఒక రకం పడవలు కావు. ఇద్దరు నడిపే వేగమైన ఫైర్‌బాల్, ఒక్కరు నడిపే లేజర్, పిల్లలు ఎక్కువగా నడిపే టాపర్ అన్నీ కలిసే బయలుదేరాయి. ఫైర్‌బాల్ మొదట గీత దాటగానే నేను చప్పట్లు కొట్టాను. పక్కనే పుస్తకంలో కాలం రాస్తున్న పెద్దాయన నవ్వి, "ఇంకా ఎవరు గెలిచారో తెలియదు, లెక్క కానివ్వండి" అన్నాడు. బ్యాంకులో పనిచేసిన వాడిని కనుక ఆ మాట నాకు నచ్చింది.

లెక్క ఏమిటి?

దీని పేరు పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్. ప్రతి రకం పడవకు ఒక అంకె ఉంటుంది. వేగమైన పడవకు చిన్న అంకె, నెమ్మదైన పడవకు పెద్ద అంకె. పట్టుకున్న కాలాన్ని సెకన్లలోకి మార్చి, 1000తో హెచ్చవేసి, ఆ పడవ అంకెతో భాగించాలి. వచ్చినది సవరించిన కాలం. అది ఎవరికి తక్కువైతే వారు గెలిచినట్లు.

ఉదాహరణకు, అసలు అంకెలకు దగ్గరగా ఉండే విడి అంకెలు తీసుకుందాం. ఫైర్‌బాల్ 950, లేజర్ 1100, టాపర్ 1360.

ఫైర్‌బాల్ 48 నిమిషాలలో, అంటే 2880 సెకన్లలో వచ్చింది. 2880 × 1000 ÷ 950 = 3032. అంటే 50 నిమిషాల 32 సెకన్లు.

లేజర్ 55 నిమిషాలలో, అంటే 3300 సెకన్లలో వచ్చింది. 3300 × 1000 ÷ 1100 = 3000. సరిగ్గా 50 నిమిషాలు.

టాపర్ 67 నిమిషాలలో, అంటే 4020 సెకన్లలో వచ్చింది. 4020 × 1000 ÷ 1360 = 2956. అంటే 49 నిమిషాల 16 సెకన్లు.

అందరికంటె చివర వచ్చిన టాపర్‌కు ప్రథమ స్థానం!

వాణిజ్యశాస్త్రం చదివేవారికి ఇది కొత్త కాదు. పది లక్షల పెట్టుబడితో లక్ష లాభం తెచ్చిన దుకాణం గొప్పదా, రెండు లక్షలతో నలభై వేలు తెచ్చిన దుకాణం గొప్పదా? మొదటిది పది శాతం, రెండవది ఇరవై శాతం.

ఇక్కడ జాగ్రత్తగా గమనించండి

ఆ అంకె పడవకు ఇచ్చినది, నడిపే మనిషికి కాదు. టాపర్ ఎక్కి గాలిని గమనించకుండా కూర్చున్నవాడిని ఏ భాగహారమూ గెలిపించదు. పడవ తేడాను మాత్రమే లెక్క తీసివేస్తుంది. మిగిలేది మనిషి నేర్పు, శ్రమ. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ పాల్గొన్న 2021 టోక్యో ఒలింపిక్స్ పందెంలో అందరిదీ ఒకే రకం పడవ, లేజర్ రేడియల్. కాబట్టి అక్కడ ఈ సవరణ అవసరం లేదు. జీవితంలో మాత్రం అందరికీ ఒకే పడవ దొరకదు.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, పరీక్ష ఇంగ్లీషులో. అలా చదివి, సాయంత్రం తండ్రి దుకాణంలో కూర్చుని డెబ్బై ఎనిమిది తెచ్చుకున్న పిల్ల ఉంది. ట్యూషను, సొంత గది ఉండి తొంభై రెండు తెచ్చుకున్న పిల్లవాడు ఉన్నాడు. వీరిద్దరినీ ఒట్టి మార్కులతో పోల్చడం, ఒడ్డున నేను తొందరపడి చప్పట్లు కొట్టడం వంటిదే. ఉపకారవేతనం దరఖాస్తులో కుటుంబ వివరాలు రాయడానికి సిగ్గుపడకండి. అవి అడిగేది జాలిపడడానికి కాదు, ఏ పడవలో వచ్చారో తెలుసుకోవడానికి. అలాగే ఆ వివరాలను పెంచిగాని తగ్గించిగాని రాయకండి. అంకె తప్పితే లెక్కంతా తప్పుతుంది, న్యాయంగా రావలసినవారికి రాకుండా పోతుంది.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. గాలి తక్కువైన రోజు కొన్ని పడవలకు, ఎక్కువైన రోజు మరికొన్నింటికి అనుకూలిస్తుంది. అందుకే క్లబ్బులు పంపే ఫలితాలను చూసి అంకెలను సవరిస్తూ ఉంటారు. ఒక్క పందెంతో తీర్పు చెప్పరు. అనేక వారాల స్థానాలను కూడి, బాగా రాని ఒకటి రెండు వారాలను వదిలేస్తారు. మొదటి స్థానానికి 1, రెండవ స్థానానికి 2 చొప్పున వేస్తారు కనుక మొత్తం తక్కువైనవారు విజేత. తల్లిదండ్రులు కూడా ఒక్క పరీక్ష చూసి పిల్లల మీద తీర్పు రాయవద్దని నా మనవి.

ఇంకొక్క మాట. ఆ పందెంలో పడవల వెంట తిరిగే అంపైరు లేడు. ఎదుటి పడవకు దారి ఇవ్వవలసినచోట ఇవ్వనివాడు, తన తప్పు తానే ఒప్పుకుని, పక్కకు జరిగి పడవను రెండుసార్లు గుండ్రంగా తిప్పి శిక్ష తీర్చుకోవాలి. దానితో వెనుకబడతాడు. అయినా చేస్తాడు. తప్పు ఒప్పుకోని వారి మధ్య ఎంత మంచి లెక్కా పనిచేయదు.

అభ్యాసం

లేజర్ (1100) 54 నిమిషాల 27 సెకన్లలోను, మిర్రర్ అనే పడవ (1390) 69 నిమిషాల 30 సెకన్లలోను వచ్చాయి. ఎవరు గెలిచారు? ఓడినవారు గెలవాలంటే కనీసం ఎన్ని సెకన్లు ముందు రావలసింది?

జవాబు: లేజర్ సవరించిన కాలం 2970 సెకన్లు, మిర్రర్‌ది 3000. లేజర్ గెలిచింది. మిర్రర్ 42 సెకన్లు ముందు రావలసింది. నెమ్మదైన పడవకు సవరణ దొరుకుతుంది కాని గెలుపు ఊరికే దొరకదని ఈ లెక్క చెబుతుంది. ముందు జవాబు చూడకుండా చేసినవారికి నా అభినందనలు.