ఆలవాలము : పురవృక్షాల చోటును గురించి ఒక పరిశీలన

'సద్గుణాలకు ఆలవాలము' అని వ్రాసేటప్పుడు మనం ఆలవాలశబ్దానికి నెలవు అనే అర్థాన్నే భావిస్తాము. ఇది లాక్షణికం. అమరసింహుడు వారివర్గంలో ఆలవాల, ఆవాల, ఆవాప శబ్దాలను పర్యాయాలుగా చెప్పినది చెట్టు మొదట నీరు నిలిపే పాదుకు. శాకుంతల ప్రథమాంకంలో ఆశ్రమకన్యలు నీరు పోసేదీ ఈ పాదులకే. ఆ వాచ్యార్థం భాషలో మరుగుపడింది. పాదు నగరవీథులలో మరుగుపడింది.

నగరంలో చెట్టుకు ఎంత చోటు విడవాలి? ఈ ప్రశ్నకు పండితులు చూపే ప్రమాణం బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయం. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు చెట్టుకూ చెట్టుకూ నడుమ 20 హస్తాల ఎడం ఉత్తమమనీ, 16 మధ్యమమనీ, 12 అధమమనీ నిర్ణయించాడు. హస్తం సుమారు అడుగున్నర. కనుక 30, 24, 18 అడుగులు. ఈ సంఖ్యలను పట్టుకొని ప్రాచీనులు నేటి రహదారులకు కొలతలిచ్చిపోయారనడం సాహసమే. ఆ ప్రకరణం తోటలది. అక్కడ ప్రయోజనం ఫలం. గ్రహింపవలసినది సంఖ్యను కాదు, హేతువును. దగ్గరగా పుట్టి, ఒకదానినొకటి తాకుతూ, వేళ్లు కలిసిపోయిన చెట్లు పీడితాలై చక్కగా ఫలించవని ఆయనే కారణం చెప్పాడు. అంటే చెట్టు చోటును నిర్ణయించడంలో మ్రానునే కాక వేళ్లనూ లెక్కించాడన్నమాట.

పొరుగుచెట్టు వేళ్ల స్థానంలో కాంక్రీటును ఉంచి చూస్తే హేతువు మారదు సరికదా, మరింత బలపడుతుంది. వేళ్లకు నీటితోపాటు గాలీ కావాలి. వాటిలో అధికభాగం పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడను దాటి కూడ, వ్యాపిస్తుంది. 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటును తొలగించాలని ఆదేశించింది. మంచిదే. అయితే వరాహమిహిరుని అధమపక్షంలో కూడ ఒక్కొక్క చెట్టు వంతుకు ప్రతివైపునా ఆరు హస్తాలు, అనగా తొమ్మిదడుగులు వస్తాయి. మీటరు మూడడుగుల పైచిలుకు మాత్రమే.

అర్థశాస్త్రంలో పురోపవనవృక్షాలకు రక్షణ ఉన్నది. పూలు, పండ్లు, నీడ ఇచ్చే చెట్ల చిగుళ్లు త్రుంచితే 6 పణాలు, చిన్నకొమ్మకు 12, పెద్దకొమ్మకు 24, మ్రానును నరికితే పూర్వసాహసదండం, నిర్మూలిస్తే మధ్యమసాహసం. సీమావృక్షాలకూ చైత్యవృక్షాలకూ ఇవే రెట్టింపు. గొడ్డలి వేయకుండా, వేళ్లకు ఊపిరాడకుండా చేసి చంపేవాని ప్రసక్తి ఈ దండాల వరుసలో లేదు. నేల తెరచి ఉన్న నాడు ఆ అపరాధానికి అవకాశమే తక్కువ.

మా పాఠశాల ముంగిటి వేపచెట్టుకు గురువుగారు ఏటా తొలకరికి ముందు పాదు వెడల్పు చేయించేవారు. మొదట్లో నీరు పోసే విద్యార్థితో "మ్రాను త్రాగదు నాయనా, నీడ అంచున పొయ్యి" అనేవారు. ఈ మధ్య వెళ్లినప్పుడు ఆ చెట్టు మొదలును ఒరసుకొని సిమెంటు అరుగు కట్టి ఉన్నది. ఒక పెద్దకొమ్మ ఎండింది. అరుగు తీయించండి అంటే, కూర్చోవడానికి చోటేదీ అన్నారు అక్కడివారు. ఆ మాటా న్యాయమే. మిట్టమధ్యాహ్నపు నీడ అంచున వలయంగా అరుగు, మధ్య అంతా మట్టి, నీరు లోపలికి రావడానికి నాలుగు దిక్కులా సందులు—ఇలా గీసి వారి చేతికిచ్చి వచ్చాను.