నడక – నడత – నడుపు

తెలుగున నడచు అను క్రియ నుండి మూడు మాటలు పుట్టినవి. కాళ్లతో సాగునది నడక. మనుజుడు బ్రదుకు తీరు నడత. సంసారమును ముందునకు సాగించుట నడుపుట. ఈ మూటిలో ఒకటి కుంటువడిన తక్కిన రెండును ఎక్కువ దూరము పోలేవు. పెద్దలు ఈ సంగతి నెరిగియే మూటికిని ఒకే మాటను మూలముగా నుంచిరేమో!

వీరశైవ పరిభాషయందును ఇట్టి అర్థవంతమైన మాట కలదు. స్థావరమనగా నిలిచియుండునది, జంగమమనగా కదలునది. గమనార్థకమైన ధాతువు నుండి జంగమ శబ్దము ఏర్పడినది. పూర్వము జంగమయ్యలు భుజమున జోలె తగిలించుకొని, చేత గంట పట్టుకొని, ఊరూరు తిరిగి శివభక్తిని పంచిరి. భక్తుని దేహముపై నుండు ఇష్టలింగము సైతము అతనితోబాటు నడచు దైవమే. కదలికనే పేరుగా ధరించిన సమాజము కూర్చుండుటకు అలవాటుపడుట విచారింపదగిన విషయము.

సిరిసిల్లకు వేములవాడ సుమారు 12 కిలోమీటర్ల దూరము. అచట రాజరాజేశ్వరస్వామికి కోడె మొక్కు చెల్లించువారు కోడెను పట్టుకొని ఆలయ ప్రదక్షిణము చేయుదురు. బసవ శబ్దమునకు వృషభమనియే గదా అర్థము! ఆ బసవనితో కలిసి నడచుటయే అచటి మొక్కు. వెనుకటి తరమున ఇరుగుపొరుగు గ్రామముల నుండి కాలినడకన వచ్చి ఈ మొక్కు తీర్చుకొన్నవారు పెక్కుమంది. నేడు గుడి వాకిటి దాక బండి రావలెనని కోరువారే అధికము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల – ఈ మూడు పట్టణములలోని శ్రమను చూచినచో శరీరములు ఎట్లు అలసుచున్నవో, ఎట్లు అలవకయే చెడుచున్నవో తెలియును. జగిత్యాల బజారులో గల్లాపెట్టె ముందు ఉదయమున కూర్చున్న వర్తకుడు దీపములు పెట్టిన తరువాత గాని లేవడు. దుకాణమునకు ఇల్లు ఫర్లాంగు దూరమున నున్నను స్కూటరు పైననే పోవును. కోరుట్లలో బీడీలు చుట్టు తల్లి చాటను ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టుచు గంటల తరబడి ఒకేచోట కూర్చుండును. మెడ వంగి, మోకాళ్లు మడిచి, తంబాకు దుమ్మును పీల్చుచు ఆమె చేయు పని చేతులకు మాత్రమే వ్యాయామము. సిరిసిల్లలో సాంచలు నడుపు కార్మికుడు 12 గంటలు నిలువుకాళ్లపై నుండును.

ఈ మూడవవానికి నడువుమని చెప్పిన, "సాంచల నడుమ తిరుగుట చాలదా? ఇంకను నడువవలెనా?" అని అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానిని నవ్వి త్రోసివేయరాదు. తెగిన పోగు ముడివేయుటకై నాలుగడుగులు వేసి ఆగుట, మరల నాలుగడుగులు వేసి ఆగుట శ్రమయే గాని, శ్వాసను నిలకడగా పెంచు నడక కాదు. పైగా చెవులు దిమ్మెక్కించు చప్పుడు, నూలు దుమ్ము, రాత్రి పాళీల వలన చెడిన నిద్ర. అట్టివానికి మొదటి మందు నిద్ర. రెండవది బయటి గాలి. పని ముగిసిన వెంటనే కాక, కొంత విశ్రమించిన పిమ్మట మానేరు వైపునకో, ఊరి వెలుపలికో 20 నిమిషములు నెమ్మదిగా నడచిన చాలును. గల్లాపెట్టె ముందు కూర్చున్నవానికిని ఇతనికిని ఒకే ఉపదేశము చేయుట వైద్యము కాదు.

కూర్చుండుట వలని హాని ఎంతటిదో 1953లో లండను నగరమున ఒక పరిశోధన తేటపరచినది. జెరెమీ మారిస్ అను వైద్యుడు, అతని సహచరులు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించిరి. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లు కోయును. ఒకే బస్సు, ఒకే నగరము. అయినను గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనబడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల ఓ మోస్తరు శ్రమను విధించినది. అనగా దినమునకు అరగంట చొప్పున వారమున 5 దినములు చురుకుగా నడచిన కనీసపు లెక్క తీరును. చురుకనగా ప్రక్కవానితో మాటలాడగలుగవలెను గాని పాట పాడుటకు ఊపిరి చాలరాదు. ఇది గడియారము లేనివానికిని పనికివచ్చు కొలత.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము 2023లో వెలువడినపుడు దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నట్లు, మరి 13 కోట్లకు పైగా దాని గడపలో నిలిచియున్నట్లు తేలినది. గడపలో నున్నవారికి నడక తిరుగుదారి. భోజనానంతరము 15 నిమిషములు మెల్లగా నడచినను రక్తమున చక్కెర పెరుగుదల తగ్గును. అయితే ఇచట ఒక హెచ్చరిక అవసరము. చక్కెర వ్యాధి ముదిరినవారి పాదములకు స్పర్శ తగ్గును. మొక్కుపేర చెప్పులు విడిచి తారు రోడ్డుపై నడచినచో కాలిన సంగతియే తెలియదు. చిన్న పొక్కు పుండై, పుండు వ్రేలిని, ఒక్కొక్కచో పాదమును హరించును. అట్టివారు చెప్పులతోనే నడచి, ఆలయము ముంగిట మాత్రమే విడువవలెను. ఇంటికి వచ్చి పాదములను చూచుకొనుట కూడ ఆ దినపు పూజలో భాగమని తలచవలెను. నడచునపుడు రొమ్మున నొప్పియో బిగువో తోచిన వెంటనే ఆగి వైద్యుని చూడవలెను. వేసవిలో ఈ ప్రాంతమున ఎండ 45 డిగ్రీల దరిదాపునకు చేరును గనుక సూర్యోదయమునకు ముందటి వేళయే శ్రేయస్కరము.

ఇక నడత. వేకువనే లేచి స్నానము చేసి విభూతి ధరించి లింగపూజ చేయువానికి నిద్రలేచు వేళ స్థిరపడును. వేళ స్థిరపడిన ఆకలియు స్థిరపడును. ప్రసాదమన్న భావము ఉన్నచోట విస్తరిలో మెతుకు మిగులదు, విస్తరికి మించిన వడ్డనయు ఉండదు. ఊరగాయ, అప్పడము వదలలేని ఇంట ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోపల నుండవలెనన్న సంగతి చెప్పుట కష్టమే. అయినను చెప్పక తప్పదు. సురాపానము, గుట్కా, బీడీల విషయము వేరుగ వ్రాయనేల? లింగధారికి అవి తగవని అందరికిని తెలియును. తెలిసియు మానకపోవుటయే వ్యాధి.

నడుపు విషయమున కొంత నిదానముగా ఆలోచింపవలెను. బసవేశ్వరుని భక్తుడుగా, సంఘ సంస్కర్తగా స్తుతించువారు ఆయన బిజ్జలుని కొలువున భాండారియనియు జ్ఞప్తి యుంచుకొనవలెను. 12వ శతాబ్దమున కళ్యాణ రాజ్యపు ధనము ఆయన చేతిమీదుగా సాగినది. రాజు సొమ్మును జంగమార్చనకు వెచ్చించుచున్నాడని కొందరు కొండెములు చెప్పగా, లెక్క చూచినపుడు కాసైనను తగ్గలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పును. దీనిని మహిమగా చదువుట పరిపాటి. లెక్క సరిగా నుంచువాడు ఎవరి యెదుటను తడబడడని కూడ చదువవచ్చును.

ఈ పట్టణములలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొందురు. నూటికి 3 రూపాయలన్నచో చెవికి స్వల్పముగా తోచును. 2,00,000 రూపాయలు తెచ్చిన ఇంటివాడు నెలకు 6,000, సంవత్సరమునకు 72,000 రూపాయలు వడ్డీయే కట్టవలెను. రెండేండ్లు గడచిన పిమ్మట 1,44,000 చెల్లించియు అసలు 2,00,000 అట్లే నిలిచియుండును. అదే మొత్తము సంవత్సరమునకు 12 శాతమునకు లభించినచో ఏటి వడ్డీ 24,000 మాత్రమే. గల్ఫుకు పోవు యువకుడు ఏజెంటుకు చెల్లించుటకై ఇట్టి అప్పు చేసి విమానమెక్కినచో, మొదటి సంవత్సరము అతని చెమట ఎవరి ఇంటికి చేరునో చెప్పనక్కరలేదు. ప్రయాణమునకు ముందే ఏజెంటుకు ప్రభుత్వ నమోదు కలదో లేదో విచారించుటయు, వడ్డీని నెలకు గాక ఏటికి లెక్కించుటయు, ఆ కాగితము భార్యకును తల్లికిని చూపుటయు మూడును అవసరమే. ఇంట దాచిన అప్పు వడ్డీ కన్న వేగముగా పెరుగును.

అక్షయ తృతీయ నాడే బసవ జయంతి. ఆ దినమున అప్పుచేసియైనను బంగారము కొనవలెనన్న ఆచారము ఎట్లు పుట్టినదో గాని, లెక్కలు చూచిన భాండారి జయంతికి అది ఎంతమాత్రము తగినది కాదు. ఆ దినమున కొనదగినవి చౌకగా రెండు కలవు. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జీవనజ్యోతి బీమాకు 2022 నుండి సంవత్సరమునకు 436 రూపాయలు, సురక్షా ప్రమాద బీమాకు 20 రూపాయలు, వెరసి 456. మొదటిది 18 మొదలు 50 ఏండ్ల లోపు చేరినవారి మరణమునకు, రెండవది 70 ఏండ్ల వరకు ప్రమాద మరణమునకు, కుటుంబమునకు 2,00,000 రూపాయలు ఇచ్చును. దినమునకు 40 రూపాయలు బీడీలకు, గుట్కాకు పెట్టువాని ఏటి ఖర్చు 14,600. ఆ సొమ్ముతో 32 మందికి పై రెండు బీమాలును కట్టవచ్చును.

అయితే పొదుపు ఉపదేశించువారు ఒక సత్యమును మరువరాదు. 2000వ దశకమున సిరిసిల్ల నేత కార్మికుల ఆత్మహత్యలు దేశమంతట వినబడినపుడు, ఆ ఇండ్లలో అప్పులు విలాసము వలన పుట్టినవి కావు. గుడ్డకు గిరాకి లేక సాంచలు ఆగినవి, నూలు ధర పెరిగినది, కూలి పెరుగలేదు. పలువురు పని వెదకుకొనుచు భివండికి, షోలాపురమునకు తరలిరి. 2017లో బతుకమ్మ చీరల నేత ఆరంభమైనపుడు కొంతకాలము సాంచలు ఆడినవి. పని లేనివానికి పొదుపు బోధించుట ఆకలిగొన్నవానికి ఉపవాస మహిమ చెప్పుట వంటిది. అట్టిచోట దాసోహమే ధర్మము. శరణుల దాసోహము పంక్తి భోజనముతో ముగిసినది కాదు. కష్టార్జితమున మిగిలినదానిని సమాజమున కర్పించుట. బసవ జయంతినాటి ఊరేగింపు వ్యయమున సగమును ప్రతి పట్టణమునందును నిధిగా నిలిపి, వడ్డీలేక తిరిగి తీసుకొను పద్ధతిపై మందులకును, బడి రుసుములకును ఇచ్చుట అసాధ్యము కాదు. అదే పందిటిలో రక్తపోటు, చక్కెర పరీక్షలు జరిపించవచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్షలును, మాత్రలును ఉచితముగా లభించుచున్నవన్న మాట చాల ఇండ్లకు ఇంకను చేరలేదు. అప్పు బరువున మనసు క్రుంగినవారు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో పగలైనను రాత్రియైనను ఉచితముగా సలహా దొరకును. ఈ టెలీ మానస్ సేవ 2022లో ప్రారంభమైనది.

నడక, నడత, నడుపు మూడును ఒక్కచోట కనబడు కథ శరణుల చరిత్రలో కలదు. ఆయ్దక్కి మారయ్య కళ్యాణమున బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చెడివాడు. అదియే ఆయన కాయకము. ఆ గింజలతో భార్య లక్కమ్మ వండి జంగమదాసోహము చేసెడిది. ప్రతిదినము నడచి పోవుట, వంగి ఏరుట, నడచి వచ్చుట. ఒకనాడు మామూలు కన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ మూట విప్పి చూచినది. ఈ దినమునకు చాలినది ఎంతయో ఆమెకు తెలియును. చేతి కొలతయే ఆమె చిట్టా పుస్తకము. అవసరమునకు మించినది ఇంట నుండరాదని, అది దురాశకు తొలిమెట్టని భర్తతో చెప్పినది. ఆయన వాదింపలేదు. నిత్యపు బియ్యమును ఆమెకు కొలిచి యిచ్చి, మిగిలినదానిని మరల మూటగట్టి భుజమున వేసికొని, వచ్చిన దారినే నడచిపోయి, ఏరిన చోటనే పోసి వచ్చెను. అంతలో లక్కమ్మ పొయ్యి రాజేసినది.