ఏర్ అంటే ఏరు కాదు

ప్రశ్న: అమ్మా, మాది శ్రీకాకుళం జిల్లా. మావారు కిరందుల్ ఇనుప గనుల్లో పనిచేస్తారు. నేను దంతెవాడ దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. వచ్చేవాళ్ళలో చాలామందికి హిందీ అంతంతమాత్రం. గోండీ సొంతంగా నేర్చుకుందామని ఆర్నెల్ల కిందట కూర్చున్నాను. పి.ఎస్. సుబ్రహ్మణ్యం గారి వ్యాకరణం, బరో-ఎమెనో ద్రావిడ నిఘంటువు, ఫోన్లో ఓ పాతిక వీడియోలు పోగేశాను. ఒక్కోచోట ఒక్కో మాట. ఒకరు మరియా గోండీ అంటారు, ఒకరు మురియా, ఇంకొకరు దోర్లా. లిపులు కూడా రెండున్నాయట. మొన్న ఒక ముసలావిడ "ఏర్" అంటే వాగు ఎటని అడుగుతోందనుకుని బయటికి చెయ్యి చూపించాను. ఆవిడ అడిగింది మంచినీళ్ళు! ఆ రాత్రే పుస్తకాలన్నీ అటకెక్కించాను. ఇది నావల్ల అయ్యే పనేనా?

జవాబు: అటకెక్కించి మంచి పని చేశారు. కొన్నాళ్ళు అక్కడే ఉండనివ్వండి. ఆ నిఘంటువు పండితులు మాటల చుట్టరికాలు తేల్చుకోవడానికి రాసుకున్నది, మందులిచ్చే చోట పనికొచ్చేది కాదు.

మీరు నేర్చుకోవాలనుకున్నది గోండీ మొత్తం. 2011 జనాభా లెక్కల్లో అది దాదాపు 30 లక్షల మంది మాతృభాష. నాలుగైదు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది. ఆదిలాబాద్ గోండు మాట బస్తర్ అబూజ్‌మాడ్ కొండల్లో తెలియకపోవచ్చు. గోండీ మొత్తం వచ్చినవాళ్ళు గోండుల్లోనే లేరు తల్లీ. మీ బల్ల ముందు కూర్చునే మనిషి ఏ గోండీ మాట్లాడితే అదే మీ గోండీ. మిగతావి వినబడితే విని ఊరుకోండి. లిపుల సంగతి అసలు ఇప్పుడొద్దు. బాలాఘాట్ మున్షీ మంగళ్ సింగ్ మసారం 1918లో రూపొందించినది ఒకటి, మన ఆదిలాబాద్ గుంజాల ఊళ్ళో దొరికినది ఇంకొకటి. రెండూ గొప్పవే, కానీ రోగి నోటి మాట రాసుకోవడానికి మీకు తెలుగక్షరాలు చాలు.

ఇక మీ చేతిలో ఉన్న పెట్టుబడి, మన తెలుగు, మీకే కనబడలేదు. గోండీలో చెవిని కెవి అంటారు, చెయ్యిని కయ్. మన చకారం ఉన్నచోట అక్కడ కకారం నిలిచి ఉందన్నమాట. కన్ను దాదాపు కన్నే. నార్ అంటే ఊరు, మన వెలనాడు, పలనాడులలోని నాడే అది. పాల్నార్ వైపు వెళ్ళినప్పుడు బస్సు బోర్డు చూడండి. "ఆమె వచ్చింది, ఆవు వచ్చింది" అని మనం రెంటికీ ఒకే క్రియ వాడతాం, గోండీలోనూ అంతే. హిందీవాళ్ళు కష్టపడి నేర్చుకునే ఈ సంగతి మీకు పుట్టుకతోనే వచ్చేసింది.

ఈ చుట్టరికమే ఒక్కోసారి మోసం చేస్తుంది. మీ ఏర్ కథ అదే. చుట్టంలా కనిపించిన ప్రతి మాటనూ ఎవరినైనా అడిగి ఖాయం చేసుకోండి.

ఎవరినంటారా? మీ ఊరి ఆరోగ్య కార్యకర్తను, అదే మితానిన్‌ను. రోజూ పది నిమిషాలు, ఆ రోజు మీకు అర్థంకాని మూడు మాటలు, అంతే. నాలుగో మాట రాయకండి. మొదటి నెల ఒళ్ళు, నొప్పి, జ్వరం, నీళ్ళు, ఎన్నాళ్ళు, ఎన్నిసార్లు. క్రియాపదాల పట్టికలు వర్షాకాలంలో చూసుకోవచ్చు. ఇలా అడిగి నేర్చుకోవడం చిన్నతనమేమీ కాదు. ఆ నిఘంటువు కర్తల్లో ఒకరైన బరో ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతాచార్యులుగా ఉండేవారు. ఆయనా భట్టాచార్య అనే మరో పండితుడూ కలిసి 1953లో గోండీకి చుట్టమైన పర్జీ భాష మీద పుస్తకం తెచ్చారు. అంతటివాళ్ళకూ ఆ మాటలు చెప్పింది బస్తర్‌లో పర్జీ మాట్లాడేవాళ్ళే.

ఆ ముసలావిడ మళ్ళీ వస్తే ముందు నీళ్ళివ్వండి. జరిగింది మితానిన్ చేత చెప్పించండి, నవ్వుతుంది. నవ్విన మనిషి తప్పు దిద్దడానికి మొహమాటపడదు.

ప్రశ్న: జగదల్‌పూర్‌లో కొత్తగా బట్టల వ్యాపారం పెట్టాను. హల్బీ ముందా, గోండీ ముందా?

జవాబు: హల్బీ. వేరువేరు భాషల వాళ్ళు బస్తర్ సంతల్లో బేరమాడుకునేది అందులోనే. అది ద్రావిడ భాష కాదు కాబట్టి తెలుగు ఆదుకోదు, మీ హిందీ కొంత ఆదుకుంటుంది. సోమవారం తోకపాల్ సంతకు వెళ్ళి ధరలు అడుగుతూ తిరగండి. మొదటి వారం ఏమీ అమ్మకండి.